ఎన్ని ఆదివారాలు రావల్ల?



ఈసారి మా సొంత తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాం.

కొన్నేళ్ల కిందట మా పల్లెల్లో వరసగా వానలు తప్పాయి. శెనక్కాయ విత్తినవాళ్లకు విత్తనాల ఖర్చు కూడా చేతికి రాలేదు. బోర్లు ఎండిపోయాయి. కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా ఇళ్లకు తాళాలేసి బెంగళూరుకు కూలికి పోయారు. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు మిగిలారు. అప్పుడు దూరాన ఉన్న కొందరు స్నేహితులు మా సంఘానికి బియ్యం పంపించారు. మేము వాటిని ఆదివారం ఆరాధన ముగిశాక పంచాం. చీటీ మీద పేరు రాసుకుని, ఫోటో తీసుకుని, ఒక్కొక్కరికీ ఇంత అని కొలిచి ఇచ్చాం. ఆ నెలంతా మందిరం నిండింది. బయట చెట్టు కింద కూడా చాపలు వేశాం. ఆ సంతోషాన్ని పంపినవాళ్లకు ఉత్తరంలో రాశాం, ఎంతమంది వచ్చారో లెక్కతో సహా.

మూడో ఆదివారం ఒక అవ్వ వరసలో నిలబడింది. మా సంఘస్థురాలు కాదు. ఎప్పుడూ మందిరం గడప తొక్కినామె కాదు. తన వంతు వచ్చినప్పుడు సంచి చాపకుండా మమ్మల్ని చూసి, "అయ్యగారూ, ఈ బియ్యానికి ఎన్ని ఆదివారాలు రావల్ల?" అని అడిగింది.

ఆమె ఎగతాళికి అనలేదు. అంగట్లో ధర అడిగినట్టు అడిగింది. తిరిగి తీర్చలేనంత అప్పు నెత్తికెత్తుకోకూడదని ఆమె భయం. మాకు నోట మాట రాలేదు. "రావాల్సిన పని లేదవ్వా" అనైతే అన్నాం. కానీ ఆ మాట నిజం కాదని మాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మేము ధర చెప్పకుండానే చెప్పేశాం. ఆదివారం, ఆరాధన తర్వాత, చీటీ, ఫోటో. అదే ధర.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఈ ప్రశ్న పట్టుకుని వాక్యంలోనూ, మన చరిత్రలోనూ వెదుకుతున్నాం. దొరికినంత మీతో పంచుకుంటాం.

పరిశుద్ధత, పొలం ఓర

మీరు పరిశుద్ధులై ఉండాలని దేవుడు ఇశ్రాయేలీయులతో చెప్పిన అధ్యాయం లేవీయకాండము 19. పరిశుద్ధత అనగానే మనకు ఉపవాసం, తెల్లబట్ట, సినిమాకు పోకపోవడం, నోటి శుద్ధి గుర్తొస్తాయి. వాటిని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఆ అధ్యాయంలో నాలుగడుగులు వేయగానే పొలం వస్తుంది. కోత కోసేటప్పుడు ఓరలదాకా కోయవద్దు, రాలినదాన్ని మళ్లీ ఏరుకోవద్దు, అది బీదలకు, పరదేశులకు వదిలిపెట్టమని ఆజ్ఞ.

పరిగె ఏరడం మన సీమవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. శెనక్కాయ పీకిన చేలో ఆడవాళ్లు, పిల్లలు గంపలు పట్టుకుని మట్టి కెలుకుతూ మిగిలిన కాయలు ఏరుకోవడం మనమంతా చూసిందే. ఇక్కడ ఒక సంగతి గమనించండి. పొలం ఆసామి ఓరను వదిలేసి ఇంటికి పోతాడు. ఎవరు ఏరుకున్నారో, ఏ కులమో, ఏ దేవుణ్ణి మొక్కుతారో గట్టు మీద నిలబడి రాసుకోడు. పరదేశి కూడా ఏరుకోవచ్చని దేవుడే చెప్పాడు. ఇచ్చి లెక్క అడగకపోవడాన్ని దేవుడు పరిశుద్ధతలో భాగం చేశాడు.

ధాత కరువు

మన అనంతపురం పీఠభూమికి కరువు కొత్త కాదు. రెండు వైపుల రుతుపవనాలూ మనదాకా వచ్చేసరికి ఒట్టిపోతాయి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు పడితే పంట, లేకపోతే లేదు. పెద్దవాళ్లు కరువులను సంవత్సరం పేరుతోనో, తిన్న తిండి పేరుతోనో గుర్తుపెట్టుకున్నారు. 1950ల మొదట్లో గంజి కేంద్రాల దగ్గర జనం బారులు తీరిన కాలాన్ని గంజి కరువు అన్నారు. అన్నిటికన్నా ఘోరమైనది ధాత నామ సంవత్సరంలో మొదలైంది. 1876 నుంచి 1878 దాకా సాగింది.

అప్పటికి అనంతపురం జిల్లా లేదు. మనం బళ్లారి జిల్లాలో ఉండేవాళ్లం. 1882లో గానీ వేరుపడలేదు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ ఇప్పటి మన ప్రాంతంలో జనం దాదాపు ఐదో వంతు తగ్గిపోయారు. అంటే ప్రతి ఐదు గడపల్లో ఒక గడప మాయమైనట్టే. సర్కారు కరువు పనులు పెట్టింది. అయితే 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి వచ్చి, ఖర్చు తగ్గించడానికి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద కొద్దిపాటి చిల్లరకు కుదించాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని డాక్టర్లు మొత్తుకున్నారు. ఆకలిగొన్నవాడు నిజంగా ఆకలిగొన్నవాడేనా అని పరీక్ష పెట్టి మరీ పెట్టిన కూడు అది.

సర్కారు పరీక్ష అలా ఉంటే, అదే కరువులో సంఘం ఏం చేసింది? దీనికి మన సీమ దాటి ఒంగోలు వైపు వెళ్లాలి.

గుండ్లకమ్మ ఒడ్డున

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. మిషనరీ కాకముందు భూమి కొలతల పని నేర్చినవాడు. కరువు ముదిరినప్పుడు ఆ చదువు అక్కరకొచ్చింది. కోస్తా వెంట తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల ముక్కను ఆయన కంట్రాక్టుకు తీసుకున్నాడు. చుట్టుపక్కల పల్లెల జనం, ముఖ్యంగా మాదిగ పల్లెల వాళ్లు, అక్కడ పనిచేసి కూలి తెచ్చుకున్నారు. సంఘంలోని బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. తీరిక వేళల్లో అక్కడే సువార్త చెప్పారు.

ఆ శిబిరాల్లో ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఒకటి రెండు నెలలు కాదు, ఏడాది దాటి, సుమారు పదిహేను నెలలు ఆపాడు. కూలీ, కూడూ తన చేతిలో ఉన్నంతకాలం వాళ్లు ఎందుకు వస్తున్నారో తనకు తెలియదన్నది ఆయన ఆలోచన. పాస్టర్లమైన మేము ఈ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాం. ఏ సేవకుడికైనా ఆత్మల రక్షణే గదా ఆశ? వందలమంది చేతులు జోడించి అడుగుతుంటే పదిహేను నెలలు "ఇప్పుడు కాదు" అనడానికి ఎంత భయభక్తులుండాలి! మేమైతే మూడు ఆదివారాలు కూడా ఆగలేకపోయాం.

1878లో వానలు పడ్డాయి. సాయం ఆగిపోయింది. ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం కదల్లేదు. ఆ ఏడు జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందారు. అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ ఆ పని చేశారు.

మన ప్రసంగాల్లో ఈ 2,222 అన్న అంకె తరచూ వినబడుతుంది. దానికి ముందున్న పదిహేను నెలల మౌనం గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆ రోజుకు బరువు వచ్చింది ఆ మౌనం వల్లనే అని మేము నమ్ముతున్నాం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆకలితో వచ్చినవాడి విశ్వాసాన్ని తక్కువ చేయడానికి మనమెవరం? లూకా 15లో తప్పిపోయిన కుమారుడు ఇంటిదారి పట్టింది పందుల పొట్టు కూడా దొరకనప్పుడే. మొదట గుర్తొచ్చింది తండ్రి ఇంట్లోని అన్నమే. తండ్రి అందుకు తప్పు పట్టలేదు. "కూటికోసం కలిసినవాళ్లు" అని మన తాతముత్తాతలను ఎవరైనా అన్నప్పుడు మనం సిగ్గుపడాల్సిన పని లేదు. ఆకలి పాపం కాదు. ఆకలిని చూసి బేరం పెట్టేవాడిదే పాపం. పరీక్ష ఎప్పుడూ పెట్టేవాడి చేతికే గానీ తినేవాడి నోటికి కాదు.

అనంతపురానికి వచ్చిన మనిషి

ఇప్పుడు మళ్లీ మన నేలకు వద్దాం. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చాడు. 1920లో స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్యూట్ సభ్యుడిగా ఇండియాకు వచ్చినవాడు. మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర, బావి తవ్వుకునే పేద రైతులకు గోధుమలు, నూనె ఇచ్చి తోడ్పడ్డాడు. జనం ఆయన వెంట నడవడం కొందరు పెద్దలకు నచ్చలేదు. మతం మార్చడానికే ఇదంతా అన్న అనుమానం కూడా లేచింది. 1968లో దేశం విడిచిపొమ్మని ఉత్తర్వు వచ్చింది. వేలాది రైతులు ఆయనకోసం నడిచి వెళ్లారు. ఇందిరాగాంధీ ప్రభుత్వం తిరిగి రానిచ్చింది. అలా వచ్చినవాడు, ఎవరూ కోరుకోని మన కరువు సీమను ఎంచుకున్నాడు.

ఇక్కడ దిగిన ఇంటి గోడమీద అద్భుతం కోసం ఎదురుచూడమని రాసి ఉందని, ఆయన దాన్ని చదివి ఎదురుచూడడం మాని పని మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. 1970లో జెస్యూట్ సభను విడిచి, ఆన్ పెర్రీ గారిని వివాహం చేసుకున్నాడు. ఆయన కథోలికుడు, మేము కాదు. సన్యాసం విడిచిన విషయంలో ఆయన సభవాళ్లకే రెండు మాటలు ఉండొచ్చు. ఆ తీర్పు మాది కాదు. మేము చూసేది ఆయన చేతులను.

ఆ దంపతులు నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును మన పల్లెల్లో ఆర్డీటీ అంటే తెలియనివాళ్లు లేరు. బావులు, చెక్‌డ్యాములు, బడులు, ఆడవాళ్ల పేరుమీద రాయించిన ఇళ్లు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆసుపత్రులు. ఇన్ని చేసిన ఈ ఒకప్పటి ప్రీస్టు ఆ సంస్థకు గ్రామీణాభివృద్ధి అని పేరు పెట్టాడే గానీ, దాన్ని మతసంస్థ చేయలేదు. బావిలో ఊరిన నీళ్లు అందరి కడవల్లోకీ వెళ్లాయి.

2009 జూన్ 19న ఆయన చనిపోయినప్పుడు అనంతపురానికి కదిలివచ్చిన జనంలో అన్ని కులాలవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది. ఆసుపత్రికి వెళ్లినప్పుడు మేమూ ఒకసారి అక్కడ నిలబడ్డాం. అవ్వ అడిగిన ప్రశ్న ఆ సమాధి దగ్గర మళ్లీ వినిపించింది.

కొండెక్కిన ప్రభువు

యోహాను సువార్త 6వ అధ్యాయం తీయండి. ప్రభువు అయిదువేలమందికి రొట్టెలు పెట్టాడు. ముందు వాక్యం విన్నారా, విశ్వసించారా అని అడిగి పెట్టలేదు. పచ్చికమీద కూర్చోబెట్టి తృప్తిగా పెట్టాడు. తిన్నవాళ్లు ఆయనను పట్టుకుని రాజును చేయాలనుకున్నారు. అప్పుడు ఆయన ఒంటరిగా కొండమీదికి వెళ్లిపోయాడు. మరునాడు వెదుక్కుంటూ వస్తే, రొట్టెలు తిన్నందుకే వచ్చారని ముఖానే చెప్పాడు. ఆ తర్వాత చాలామంది వెనక్కి పోయారు. ఆయన ఎవరి వెంటా పరుగెత్తలేదు. పెట్టినదాన్ని తిరిగి అడగనూ లేదు.

పెట్టడం మనలో చాలామందికి చేతనవుతుంది. పెట్టాక కొండెక్కడమే కష్టం. కృతజ్ఞత కావాలి, హాజరు కావాలి, ఫోటో కావాలి, పత్రికలో పేరు కావాలి. ఆ "కావాలి"లను చంపుకోవడమే ఈ కరువు నేలమీద పరిశుద్ధ జీవితం అని మేము నేర్చుకుంటున్నాం. ఇంకా నేర్చుకోలేదు, నేర్చుకుంటున్నాం.

ఆ తర్వాతి నుంచి మా సంఘంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరైనా ధాన్యమో, దుప్పట్లో పంపితే ఆదివారం పంచం, మందిరంలో పంచం. వారం మధ్యలో, రచ్చకట్ట దగ్గర, ఊరి పెద్దల చేతులమీదుగా పంచుతాం. ఫోటో తీయం. సువార్త చెప్పడం మానలేదు, మానం కూడా. అది ఆదివారం చెబుతాం, ఉచితంగా, ఉత్త చేతులతో. దీనివల్ల మందిరంలో చాపలు మిగిలాయి. పంపినవాళ్లలో కొందరు ఫోటోలు లేవని పంపడం మానుకున్నారు. బాధ లేదని చెబితే అబద్ధం.

ఆ అవ్వ మందిరానికి రాలేదు. ఇప్పటికీ రాదు. కానీ దారిలో కనబడితే తలవంచుకుని తప్పుకుని పోవడం మానేసింది. నిలబడి, "బాగుండారా అయ్యగారూ" అని పలకరిస్తుంది. అప్పు లేని మనిషి పలకరించినట్టు పలకరిస్తుంది. మేమూ నిలబడి మాట్లాడతాం.

ప్రియమైనవారలారా, ఈ వారం మీ చేతినుంచి ఎవరికైనా ఏదైనా వెళితే, అది ఏ రోజు, ఏ చోట, ఎవరి ఎదుట ఇస్తున్నారో ఒక్కసారి చూసుకోండి. తీసుకునేవారికి మీరు చెప్పని ధర ఏదైనా వినబడుతోందేమో పరీక్షించుకోండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీతిమంతులమీదా అనీతిమంతులమీదా వాన కురిపించే దేవా, మా పొలాల ఓరలను వదిలేసే మనసు మాకియ్యండి. ఇచ్చినదాన్ని లెక్కపెట్టే మా వేళ్లను ఆపండి. ఈ ఏడు మా సీమకు అదనులో వాన దయచేయండి. యేసు నామంలో వేడుకుంటున్నాము. ఆమేన్.