అద్దం లేని కెమెరా, అత్తమ్మ ఫోటో

మా ఇంట్లో పది రోజులుగా ఒకటే ముచ్చట. కెమెరా మార్చాలా, వద్దా?

నా దగ్గరున్నది 2019లో కొన్న మిర్రర్‌లెస్ కెమెరా. చిన్నోడు పుట్టిన ఏడాది చిట్టీ ఎత్తిన పైసలతో కొనుక్కున్నాను. ఏ కంపెనీదో చెప్పను, మళ్ళీ కామెంట్లలో కొట్లాట ఎందుకు! మొన్న సూర్యాపేటలో మాకు తెలిసిన ఫోటోగ్రాఫర్ తమ్ముడు "అక్కా, పాతది ఇచ్చేయండి, కొత్త బాడీ ఇప్పిస్తా. పైన 48 వేలు కట్టండి, చాలు" అన్నాడు. ఆ "చాలు" అన్న మాట దగ్గరే నాకు నిద్ర పోయింది. ఈ దసరాకి మళ్ళీ ఒక చిట్టీ చేతికొస్తుంది, అదే ధైర్యం. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. ఆ మాట అన్నారంటే ఇష్టం లేదని అర్థం, మీకు తెలియంది కాదు.

అసలు మార్చాలన్న కోరిక పోయిన సద్దుల బతుకమ్మ నాడు పుట్టింది. మాది ఆత్మకూర్ (ఎస్). ఎస్ అంటే సూర్యాపేట. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆత్మకూర్ (ఎం) అని ఇంకోటి ఉంది, మా పార్సిళ్ళు అప్పుడప్పుడు అటు పోయొస్తుంటాయి. సరే, ఆ సాయంత్రం బతుకమ్మలు పెట్టి ఆడటం మొదలయ్యేసరికి పొద్దు గూకింది. లైట్లు వేశారు. అత్తమ్మకు డెబ్బై నాలుగు దాటాయి, మోకాళ్ళు నొప్పులు. అయినా రెండు చుట్లు తిరిగి చప్పట్లు కొట్టింది. నేను వందకు పైగా ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే సగం వాటిలో చేతులు పొగలాగా ఉన్నాయి, మిగతా సగం మీద అడ్డంగా నల్ల చారలు. అత్తమ్మ ముఖం ఒక్కదాంట్లో కూడా సరిగ్గా లేదు. వచ్చే ఏడు ఆమె ఆడుతుందో లేదో. ఆ రాత్రే కెమెరా పాతబడిందని తేల్చేసుకున్నాను.

నాకో పాడలవాటు ఉంది. ఏ వస్తువు కొనాలన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు చదవాలి. మిక్సీ కొన్నప్పుడూ అంతే. ఈసారి చదువుతూ చదువుతూ 1892 దాకా పోయాను.

హైదరాబాద్ ఫోటోల చరిత్ర అంటే ముందు చెప్పుకోవాల్సిన పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు కొలువు చేస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకున్నాడు. 1880ల నడుమ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. వేటలు, దర్బార్లు, కోటలు, విందులు, అన్నీ గాజు పలకల మీద తీశాడు. వాటిలో రెండు వేల ఎనిమిది వందలకు పైగా పలకలు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

ఆయన దగ్గర ఆ కాలానికి దొరికే మంచి కెమెరాలు, మంచి లెన్సులు ఉండేవి. అయినా ఆ ఊళ్ళో సగం మంది ముఖాలు ఆ కెమెరాకు అందలేదు. పెద్దింటి ఆడవాళ్ళు పరదాలో ఉండేవాళ్ళు, పరాయి మగాడి ముందు కూర్చోరు. దానికి దీన్ దయాళ్ ఏం చేశాడో తెలుసా? 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళకోసం వేరే జెనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడపడానికి మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయురాలిని పెట్టాడు. తీసేదీ ఆడమనిషే, తీయించుకునేదీ ఆడమనిషే.

ఇది చదివి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. అక్కడ కావలసింది ఇంకో కెమెరా కాదు. కెమెరా వెనక ఇంకో మనిషి.

అయితే ఆ స్టూడియోకి పోయింది నవాబుల ఇళ్ళవాళ్ళు. అదే నిజాం రాజ్యంలో ఉన్న మన సూర్యాపేట పల్లెల్లో నాటేసిన ఆడవాళ్ళకు, దొరల గడీల్లో వెట్టి చేసిన ఆడవాళ్ళకు ఫోటో ఎక్కడిది? తర్వాత యాభై ఏళ్ళకు, 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచినప్పుడు కూడా అంతే. మా పక్కనే తుంగతుర్తి వైపు కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం గారు పదిహేను, పదహారేళ్ళ వయసులో ఆ పోరాటంలోకి దిగారు. తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు, 2022లో పోయారు. ఆ పోరాటం అనగానే తుపాకీ పట్టిన స్త్రీల ఫోటో మనందరి కళ్ళలో మెదులుతుంది. కానీ దళాలకు రాత్రిపూట సద్ది మోసినవాళ్ళు, చీటీలు చేరవేసినవాళ్ళు, ఇంట్లో దాచిపెట్టి దెబ్బలు తిన్నవాళ్ళు ఎందరు! వాళ్ళలో చాలామందికి ముఖం లేదు. నలభై ఏళ్ళ తర్వాత స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఊరూరూ తిరిగి, మిగిలినవాళ్ళను మాట్లాడించి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చారు. ఫోటో దక్కని చోట గొంతైనా దక్కింది.

మన ఇళ్ళలోకి కెమెరా వచ్చింది ఆగ్ఫా క్లిక్ త్రీతో. మీ ఇంట్లో అటక మీద కూడా ఒకటి ఉండే ఉంటుంది, నల్ల డబ్బా. మన దేశంలోనే, బరోడాలో తయారయ్యేది. ఒక రీలుకు 12 ఫోటోలు, ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, అంతే. మా నాయన దగ్గర ఉండేది. పన్నెండే కాబట్టి ఒక్కోటి నొక్కే ముందు ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఆ డబ్బాలో కూడా అద్దం లేదు, తెలుసా! అంటే మా నాయనది కూడా మిర్రర్‌లెస్సే. ఈ మాట మా ఆయనకు చెబితే "అయితే దాన్నే ఎక్స్‌చేంజికి ఇద్దాం" అన్నారు.

అద్దం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మన చిన్నప్పటి పెళ్ళి ఫోటోగ్రాఫర్ల మెడలో వేలాడిన పెద్ద కెమెరాల్లో లెన్సు వెనక వాలుగా ఒక అద్దం ఉండేది. లెన్సులోంచి వచ్చే బొమ్మను అది పైకి, కంటికి చూపించేది. మీట నొక్కగానే టప్‌మని లేచి దారి ఇచ్చేది. నికాన్ ఎఫ్ 1959లో వచ్చింది, అప్పటి నుంచి పెద్ద కెమెరా అంటే అదే పద్ధతి. 2008లో పానసోనిక్ జీ1 అనే కెమెరా ఆ అద్దం తీసేసి, సెన్సర్ చూసేదాన్నే చిన్న తెర మీద చూపించింది. అక్కడి నుంచి మిర్రర్‌లెస్ కాలం. 2018లో నికాన్, కెనాన్ కూడా తమ పెద్ద సెన్సర్ కెమెరాల కోసం కొత్త లెన్సు బిగింపులతో అటే వచ్చేశాయి.

ఈ బిగింపు దగ్గర ఇల్లాళ్ళం జాగ్రత్తగా ఉండాలి. బాడీ ధర ఒక్కటే చూస్తే గిన్నె ధర చూసి స్టవ్ సంగతి మరిచినట్టే. 1987లో కెనాన్ తన బిగింపు మార్చేసింది. అంతకు ముందు పదహారేళ్ళుగా జనం కొనుక్కున్న ఎఫ్‌డీ లెన్సులు కొత్త బాడీలకు నేరుగా సరిపోలేదు. నికాన్ మాత్రం 1959 నాటి బిగింపునే దశాబ్దాల పాటు లాక్కొచ్చింది. నా సంగతికొస్తే, నా కెమెరా వరుస ఆగిపోయింది. ఉన్న రెండు లెన్సులూ కొత్తదానికి బిగవవు. అంటే 48 వేలు అన్నది మొదటి మెట్టు మాత్రమే. తమ్ముడు ఆ మాట తనంతట తాను చెప్పలేదు. నేనూ అడగలేదు, తప్పు ఇద్దరిదీ.

ఇక ఆ బతుకమ్మ ఫోటోల పంచాయితీ. ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, కెమెరా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. చారల గుట్టు అప్పుడు తెలిసింది. చిన్నోడు పడుకున్నప్పుడు చప్పుడు కాకూడదని ఎప్పుడో సైలెంట్ షట్టర్ పెట్టాను, తీయడం మరిచాను. ఎల్ఈడీ లైట్లు మన కంటికి తెలియకుండా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. సైలెంట్ షట్టర్ బొమ్మను పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కాబట్టి లైటు ఆరిన వరసలన్నీ నల్ల చారలవుతాయి. మామూలు షట్టర్ పెడితే చాలావరకు పోతాయి. 48 వేలు కాదు, ఒక మీట!

చేతులు పొగలా రావడం వెలుతురు చాలకే. నా లెన్సు ముందుకు జరిపితే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. అదే ఎఫ్ 1.8 లెన్సు పెడితే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది. అదే సైజు సెన్సర్ ఉన్న కొత్త బాడీ ఏదీ అంత తేడా చూపించదు. నా వరుస ఆగిపోయిందన్నాను కదా, దానివల్ల ఒక మేలు కూడా జరిగింది. ఆ లెన్సు సెకండ్ హ్యాండ్‌లో 9 వేలకు దొరికింది.

పిక్సెల్స్ లెక్క కూడా చూశాను. నాది 24 మెగాపిక్సెల్, అంటే అడ్డం 6000, నిలువు 4000. పెళ్ళి ఆల్బమ్‌లో ఒక పేజీ 12 బై 18 అంగుళాలు అనుకుంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున 5400 బై 3600 చాలు. మా గోడ మీద అంతకంటే పెద్ద ఫోటోకి చోటే లేదు.

కొత్తవాటిని తీసిపారేయట్లేదు. పరుగెత్తే పిల్లల కళ్ళను పట్టుకుని వదలకుండా ఫోకస్ చేయడంలో అవి నిజంగా మేలు. దాంతో సంపాదించుకునే వాళ్ళయితే, వీడియోలు ఎక్కువ తీసేవాళ్ళయితే మార్చుకోండి, ఆలోచించాల్సిన పని లేదు. మా పాప ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉంది.

కానీ లెక్క వేస్తుంటే నన్ను గుచ్చింది వేరే. నా హార్డ్ డిస్కులో 21 వేల పైచిలుకు ఫోటోలు. అందులో నేనున్నవి నలభై లోపు. హోమాయ్ వ్యారావాలా గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది, మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్. చీర కట్టుకుని, బరువైన స్పీడ్ గ్రాఫిక్ మోస్తూ ఢిల్లీలో నెహ్రూ గారిని, అతిథులను తీశారు. మొదట్లో ఆమె ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి. 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, తొంభై ఏడేళ్ళ వయసులో. తీసే ఆడవాళ్ళం ఎప్పుడూ ఫోటో బయటే ఉంటామేమో. నేనెక్కడ, ఆమెక్కడ అనుకోండి. అయినా నలభై అంటే మరీ తక్కువ కదా.

అత్తమ్మకు మరీ ఘోరం. పెళ్ళి నాటి ఫోటో లేదు. మొదటి ఫోటో ఓటరు కార్డుకు దిగింది. 1993లో ఎన్నికల సంఘం ఫోటో కార్డులు మొదలుపెట్టాక మన పల్లెల్లో చాలామంది పెద్దమనుషులకు అదే మొదటి ఫోటో. అత్తమ్మ వాళ్ళమ్మకు అదే మొదటిది, అదే ఆఖరిది. ఆమె పోయాక దాన్నే స్టూడియోలో పెద్దది చేయించారు. స్టూడియో అతను మంచి మనసుతోనే పట్టుచీర వేశాడు, మెడలో కాసులపేరు పెట్టాడు, ముడతలన్నీ తుడిచేశాడు. దండ వేసిన ఆ ఫోటో ముందు అత్తమ్మ ఏటా పెత్రమాస నాడు దీపం పెడుతుంది. "మా అమ్మ మెడల ఏనాడన్న కాసులపేరు ఉన్నదా బిడ్డా? ఆమె ఎవరో, నేను ఎవలకు మొక్కుతున్ననో" అంటుంది.

అందుకని తమ్ముడికి ఈ ఏడు వద్దని చెప్పేశాను. 9 వేలు లెన్సుకి. ఇంకో హార్డ్ డిస్కు కొని అన్నీ రెండో కాపీ పెట్టాను. మిగిలినదాంట్లోంచి ఏటా ఒక ఆల్బమ్ ప్రింటు వేయిద్దామని.

కొత్త లెన్సు వచ్చిన రోజు పొద్దున్నే అత్తమ్మను వాకిట్లో కూర్చోబెట్టాను. కెమెరా ఎత్తగానే ఓటరు కార్డు ముఖం పెట్టేసింది, మెడ నిటారు, చేతులు మోకాళ్ళ మీద. మా ఆయన ప్రయత్నించారు, ఇంకా బిగుసుకుంది. అప్పుడు కెన్నీ లెవిక్ గుర్తొచ్చి కెమెరా మా పాప చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఏం మాట్లాడిందో, నాయనమ్మ ఏం చెప్పిందో నాకు తెలియదు. పప్పు తాలింపు పెడుతుంటే ఇద్దరి నవ్వు వినిపించింది.

సూర్యాపేటలో పన్నెండు ఫోటోలు ప్రింటు వేయించుకొచ్చాను. అత్తమ్మ అద్దాలు పెట్టుకుని, అన్నీ మంచం మీద పరిచి, చాలాసేపు చూసింది. ఒకటి తీసింది. పన్ను ఊడిన చోటు కనిపించేలా నవ్వుతున్నది, నెరిసిన జుట్టు సగం ముడి ఊడి ఉన్నది.

"ఇది" అంది. "రేపు నేను పోయినంక గోడకు ఇదే పెట్టుండ్రి. దీనికి నగలు గిగలు పెట్టనియ్యకు."

అని ఆ ఫోటోను పాత పట్టుచీర మడతలో పెట్టి, పెట్టెలో అడుగున దాచి, తాళం నాకిచ్చింది.