పిల్లల బస్సు ఇల్లయిన వైనం

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ వ్యాలీలో ఆల్బర్ట్ లూస్ ఫోర్డు కార్లు అమ్మేవాడు. ఆయన అమ్మిన చెక్క బాడీ బస్సు ఒకటి, కొన్నవాడు బాకీ తీర్చేలోపే ఊడిపోవడం మొదలుపెట్టింది. చెక్కను నమ్మి లాభం లేదని లూస్ 1927లో ఉక్కు బాడీ కట్టాడు. బ్లూ బర్డ్ బస్సుల కంపెనీకి అదే పునాది. ఆ తర్వాతి దశాబ్దాల్లో పాత స్కూలు బస్సును ఇల్లుగా మార్చుకోవాలని ఎంతోమంది ఆశపడ్డారంటే కారణం ఆ ఉక్కు గట్టితనమే. వాళ్లను ముప్పుతిప్పలు పెట్టిందీ అదే.

1939లో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ టీచర్స్ కాలేజీలో ఒక సమావేశం పెట్టి, స్కూలు బస్సులకు 44 ప్రమాణాలు రాయించాడు. పసుపు రంగు, బస్సు పొడవు, కప్పు ఎత్తు, సీట్ల నడుమ దారి వెడల్పు అప్పుడే ఒక పద్ధతికి వచ్చాయి. అన్నీ పిల్లల కొలతలే. పిల్లలు కాసేపు కూర్చుని దిగిపోతారు. పెద్దవాళ్లు అందులోనే వండుకుని, పడుకుని, చలికాలం గడపాలంటే ఆ కొలతలు ఇరుకు.

కష్టం నేల దగ్గరే మొదలవుతుంది. సీట్ల బోల్టులు నేల రేకు గుండా కిందికి దిగి ఉంటాయి. ఏళ్ల తరబడి నీళ్లు తగిలి తుప్పు పట్టిన నట్లు పానాకు లొంగవు, కోయాల్సిందే. సీట్లు తీశాక మిగిలిన చిల్లులన్నీ మూయాలి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన బస్సయితే, పైన పరిచిన ప్లైవుడ్ లేపితే గానీ కింది రేకును తుప్పు ఎంత తినేసిందో తెలియదు. ఇక గోడలు. ఉక్కు పక్కటెముకలు బయటి ఎండనూ చలినీ నేరుగా లోపలికి తెస్తాయి. చలి రాత్రి లోపలివాళ్ల ఊపిరిలోని తేమే రేకు మీద నీరై దిగి, మళ్లీ తుప్పుకు దారి తీస్తుంది.

బస్సులోనే కాపురం ఉండాలనుకునేవాళ్ల అవసరాన్ని బ్లూ బర్డ్ ముందే పసిగట్టింది. 1963లో తన బస్సు బాడీతోనే ఇల్లులాంటి వాహనం తయారుచేసింది. అదే తర్వాత వాండర్‌లాడ్జ్‌గా పేరు పొందింది. అది డబ్బున్నవాళ్ల బండి. లేనివాళ్లు పాత బస్సులు వెతుక్కున్నారు.

1964లో నవలా రచయిత కెన్ కీసీ, ఆయన మిత్రబృందం 1939 నాటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ స్కూలు బస్సులో కాలిఫోర్నియా నుంచి న్యూయార్క్ వెళ్లారు. మునుపటి యజమాని తన పెద్ద కుటుంబం కోసం అందులో పడకలూ వంటగదీ అమర్చే ఉంచాడు. వీళ్లు కప్పుకు కన్నం కోసి పైకెక్కే వీలు కల్పించి, జనరేటరూ మైకులూ బిగించి, ఒళ్లంతా రంగులు పూశారు. ‘ఫర్దర్’ అని పేరు పెట్టిన ఆ బస్సు అమెరికా యువతకు ఒక కొత్త ఊహ ఇచ్చింది.

ఆ ఊహ నిజంగా బతుకైంది 1970లో. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉపన్యాసాలిచ్చే స్టీఫెన్ గాస్కిన్ వెంట బస్సులూ వ్యాన్లూ బారులు తీరి దేశం తిరిగాయి. దాదాపు 300 మంది 1971లో టెనెసీ రాష్ట్రం సమ్మర్‌టౌన్ దగ్గర భూమి కొని ‘ది ఫార్మ్’ అనే పల్లె కట్టుకున్నారు. ఇళ్లు లేచేదాకా బస్సులూ సైనిక గుడారాలే కాపురాలు. దారిలో ఆగిన బస్సుల్లోనే కాన్పులు జరిగాయి. మొదటిది నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం పార్కింగ్ స్థలంలో. స్టీఫెన్ భార్య ఐనా మే గాస్కిన్ అక్కడి నుంచే మంత్రసాని పని నేర్చుకుంది. 1975లో ఆమె రాసిన ‘స్పిరిచువల్ మిడ్‌వైఫరీ’ అమెరికాలో ఇంటి కాన్పులకు మళ్లీ గౌరవం తెచ్చింది. ఆ ఇరుకు బస్సుల కథలో తలచుకోదగ్గ ఘనత ఇదే.

1977 ఏప్రిల్ 1 నుంచి తయారైన స్కూలు బస్సులకు కొత్త భద్రతా నియమాలు వచ్చాయి. బోల్తా పడినా కప్పు నలగకూడదు, రేకుల అతుకులు విడిపోకూడదు. పిల్లలకు అది గొప్ప మేలు. బస్సును విప్పేవాళ్లకు మాత్రం రివెట్ల పని పెరిగింది. పొడుగువాళ్లు నిలబడేందుకు కొందరు కిటికీల దగ్గర పక్కటెముకలు కోసి, కొత్త ఉక్కు అతికి కప్పు లేపుతారు. వెల్డింగు సరిగా లేకపోతే బోల్తాలో కాపాడే బలమే పోతుంది.

ఆఖరి పని కాగితాలది. చాలా రాష్ట్రాల్లో పసుపు రంగు మార్చాలి, ఎర్ర దీపాలూ ‘స్టాప్’ పలకా పనిచేయకుండా చేయాలి. ఇల్లులాంటి వాహనంగా నమోదు కావాలంటే పడక, వంట, నీటి ఏర్పాట్లు చూపించాలి. బీమా ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు వేలంలో బస్సు పాడకముందే ఈ రెండింటి సంగతీ కనుక్కుంటారు.