రెండవ కెరటం, మరణాల పట్టిక

భారతదేశ జనాభా చరిత్రలో 1921వ సంవత్సరాన్ని ఒక పెద్ద విభజన రేఖగా జనాభా శాస్త్రజ్ఞులు పేర్కొంటారు. నేటి భారత భూభాగాన్ని ఆధారంగా తీసుకుంటే 1911లో 25.21 కోట్లుగా ఉన్న జనసంఖ్య 1921 నాటికి 25.13 కోట్లకు తగ్గింది. ఇరవయ్యవ శతాబ్దంలో దేశ జనాభా పెరగక తగ్గిన దశాబ్దం అదొక్కటే. ఆ క్షీణతకు ప్రధాన కారణం 1918లో దేశమంతటా వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా. ఆ జనగణన జరిగిన నూరేళ్లకు, 2021 వేసవిలో, కరోనా వైరస్ కొత్త రకం ఒకటి దేశాన్ని చుట్టుముట్టింది. రెండు వ్యాధులూ వేరు, రెండు వైరస్‌లూ వేరు. అయినా రెండు సందర్భాలలోనూ మొదటి కెరటం కంటే రెండవ కెరటమే ఎక్కువ ప్రాణాంతకమైంది. రెండు సందర్భాలలోనూ కుటుంబ భారాన్ని మోసే వయస్సులోని వారు పెద్ద సంఖ్యలో మరణించారు. రెండు సందర్భాలలోనూ ఎందరు మరణించారన్న ప్రశ్నకు వెంటనే సమాధానం లభించలేదు. పాలనా చరిత్ర దృష్ట్యా ఈ మూడవ అంశం ప్రత్యేకంగా పరిశీలింపదగినది.

1918 నాటి అనుభవం

1918 జూన్ మాసంలో బొంబాయి రేవులో పనిచేస్తున్న పోలీసు సిపాయిలు కొందరు జ్వరంతో ఆసుపత్రిలో చేరడంతో వ్యాధి అధికారుల దృష్టికి వచ్చింది. ఆ తొలి కెరటం కొద్ది వారాలలోనే తగ్గింది. మరణాలు కూడా అంత ఎక్కువగా లేవు. సెప్టెంబరులో వచ్చిన రెండవ కెరటం మాత్రం పూర్తిగా భిన్నమైనది. అక్టోబరు 6వ తేదీ ఒక్కనాడే బొంబాయి నగరంలో 768 మరణాలు నమోదయ్యాయి. రైలు మార్గాల వెంట, యుద్ధరంగం నుండి తిరిగివస్తున్న సైనికుల వెంట వ్యాధి దేశం లోపలి భాగాలకు చేరింది. పశ్చిమ, మధ్య, ఉత్తర ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తూర్పు ప్రాంతాలలోను, మద్రాసు రాజధానిలోను మరణాల రేటు అంతకంటే తక్కువగా ఉంది. ఆ ఏడు వర్షాలు ముఖం చాటేయడం, ధాన్యం ధరలు పెరగడం రోగుల బలహీనతను మరింత పెంచాయి.

సాధారణంగా ఇన్‌ఫ్లుయెంజా పసివారినీ వృద్ధులనూ బలిగొంటుంది. 1918లో అందుకు భిన్నంగా 20 నుండి 40 సంవత్సరాల మధ్య వయస్కులు అధికంగా మరణించారు. వారిలోనూ స్త్రీల మరణాలు పురుషుల మరణాలను మించాయి. ఇంటిలోని రోగులకు సేవచేసే బాధ్యత స్త్రీలదే కావడం, పోషకాహారం వారికి చివరగా అందడం ఇందుకు కారణాలుగా చెప్పబడ్డాయి. హిందీ మహాకవి నిరాలా ఆ నెలలలోనే తన భార్యను, కుటుంబంలో మరికొందరిని పోగొట్టుకున్నారు. గంగానది శవాలతో నిండిన ఆ కాలాన్ని ఆయన తరువాత ‘కుల్లీ భాట్’ అనే రచనలో స్మరించారు.

నాడు మరణాల నమోదు గ్రామ స్థాయి ఉద్యోగులపై ఆధారపడి ఉండేది. మద్రాసు రాజధానిలో గ్రామ మునసబు, ఉత్తరాదిన చౌకీదారు ఈ విధిని నిర్వహించేవారు. వ్యాధి తీవ్రంగా ఉన్న వారాలలో వారు కూడా మంచం పట్టడం వల్ల ఎన్నో మరణాలు పట్టికలకు ఎక్కలేదు. ఎక్కినవాటిలో అధికభాగం ‘జ్వరాలు’ అన్న పద్దు కిందనే చేరాయి. నాటి శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ 1919లో సమర్పించిన ప్రాథమిక నివేదికలో బ్రిటిషు ఇండియాలో మృతుల సంఖ్యను సుమారు 60 లక్షలుగా అంచనా వేశారు. 1921 జనగణన ఆ అంచనాను దాదాపు రెట్టింపు చేసింది. 1951లో జనాభా శాస్త్రవేత్త కింగ్స్‌లీ డేవిస్ తన గ్రంథంలో దానిని ఇంకా పెంచి కోటిన్నరకు పైగా నిర్ధారించారు. రోజువారీ నమోదు విఫలమైన చోట పదేళ్లకొకసారి జరిగే గణన ఆ లోపాన్ని కొంతవరకైనా పూరించగలిగింది.

కొత్త రకం వ్యాప్తి

కరోనా వైరస్ విషయంలో పరిస్థితి ఒక విధంగా మెరుగైనది. 1918 నాటి వైద్యులకు వ్యాధికారకం ఏదో తెలియదు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను మానవుని నుండి వేరు చేయడం 1933లో గాని సాధ్యపడలేదు. 2020 జనవరి 30న కేరళలో దేశపు తొలి కోవిడ్ కేసు బయటపడే నాటికే ఆ వైరస్ జన్యుక్రమం ప్రపంచానికి తెలుసు. మొదటి కెరటం 2020 సెప్టెంబరు మధ్యలో శిఖరానికి చేరి తగ్గుముఖం పట్టింది. ఆ సంవత్సరం డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం జన్యుక్రమ పరిశీలనకై 10 ప్రయోగశాలలతో ‘ఇన్సాకాగ్’ అనే సమాఖ్యను నెలకొల్పింది. హైదరాబాదులోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ సంస్థలు అందులో భాగస్వాములు.

అప్పటికే మహారాష్ట్రలో బి.1.617 అనే వంశానికి చెందిన వైరస్ ఉనికిలో ఉంది. విదర్భ ప్రాంతంలోని అమరావతి వంటి జిల్లాలలో 2021 ఫిబ్రవరిలో కేసులు అనూహ్యంగా పెరిగాయి. రెండు ముఖ్యమైన మార్పులు కలిగిన వైరస్‌ను గుర్తించినట్లు మార్చి 24న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటించింది. ఆ వంశం నుండి వచ్చిన బి.1.617.2 అనే శాఖ మిగిలినవాటిని తోసిరాజని దేశమంతటా స్థిరపడింది. పంజాబు, ఢిల్లీలలో అంతకుముందు ప్రబలంగా ఉన్న, బ్రిటన్‌లో తొలుత గుర్తించబడిన ఆల్ఫా రకాన్ని కూడా అది వారాలలోనే వెనక్కు నెట్టింది. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మే 31న ‘డెల్టా’ అని నామకరణం చేసింది. అప్పటికి దేశంలో ఆ కెరటం శిఖరాన్ని దాటి మూడు వారాలు గడిచాయి. శాస్త్రం వైరస్‌ను గుర్తించిన వేగం కంటే వైరస్ ప్రయాణించిన వేగమే అధికమని ఈ తేదీల క్రమం తెలియజేస్తుంది.

ఏప్రిల్ నెలలో మహారాష్ట్ర నుండి ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, కర్ణాటక, కేరళలకు, మే నెలలో మిగిలిన దక్షిణాదికి, గ్రామసీమలకు తీవ్రత విస్తరించింది. శాసనసభ ఎన్నికల సభలు, హరిద్వార్ కుంభమేళా, వివాహాలు, సాధారణ రాకపోకలు అన్నీ ఆ వారాలలోనే సాగాయి. మే 7న వెలువడిన లెక్క ప్రకారం ఒక్క రోజులో దేశవ్యాప్తంగా 4,14,188 కొత్త కేసులు నమోదయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మే 16న ఆ సంఖ్య 24,171కి చేరింది.

వయోజనులపై ప్రభావం

డెల్టా రకం వయోజనులను ఇంత తీవ్రంగా ఎందుకు తాకిందన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. 2020 డిసెంబరు, 2021 జనవరి నెలలలో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన మూడవ రక్తపరీక్షా సర్వేలో వయోజనులలో 21.4 శాతం మందిలో మాత్రమే ప్రతిరక్షకాలు కనిపించాయి. అంటే ప్రతి ఐదుగురిలో నలుగురికి ఆ వ్యాధితో పూర్వపరిచయం లేదు. టీకాల కార్యక్రమం జనవరి 16న వైద్య సిబ్బందితో ప్రారంభమై, మార్చిలో 60 ఏళ్లు దాటినవారికి, ఏప్రిల్ 1న 45 ఏళ్లు దాటిన అందరికీ విస్తరించింది. 18 నుండి 44 ఏళ్లవారికి మే 1న అవకాశం లభించేసరికి కెరటం శిఖరానికి చేరువైంది. ఇల్లు విడిచి పనికి వెళ్లక తప్పనివారు అత్యధికంగా ఉన్నది ఆ వయోవర్గంలోనే.

ఈ కెరటం యువకులనే ఏరి తాకిందన్న అభిప్రాయం నాడు బలంగా వ్యాపించింది. ఆసుపత్రులలో చేరినవారి వివరాలు దానిని పూర్తిగా సమర్థించవు. వైద్య పరిశోధన మండలి ఏప్రిల్‌లో వెల్లడించిన సమాచారం ప్రకారం రోగుల సగటు వయస్సు మొదటి కెరటంలో 50 ఏళ్లు కాగా రెండవ కెరటంలో 49 ఏళ్లు. వయస్సుల నిష్పత్తి పెద్దగా మారలేదు. అయితే మొత్తం రోగుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగినందున ముప్పై, నలభై ఏళ్లవారి మరణాలు కూడా అదే స్థాయిలో పెరిగి ప్రతి వీధికీ కనిపించాయి. మారింది వ్యాధి తీవ్రత. ఆసుపత్రిలో చేరినవారిలో ప్రాణవాయువు అవసరమైనవారు మొదటి కెరటంలో సుమారు 41 శాతం ఉండగా రెండవ కెరటంలో 54 శాతాన్ని మించారు.

జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులతో ప్రారంభమైన వ్యాధి చాలామందిలో వారం దినాలలో తగ్గిపోయేది. కొందరిలో మాత్రం రెండవ వారంలో ఊపిరితిత్తులు వాచి, రక్తంలో ప్రాణవాయువు శాతం పడిపోయేది. ఆయాసం తెలియకుండానే అది పడిపోవడం అన్నింటికంటే ప్రమాదకరమైనది. వేలికి తగిలించే చిన్న ఆక్సీమీటరు ఇంటింటి వస్తువు కావడానికీ, 94 అన్న అంకె సామాన్యుల నోట నానడానికీ కారణమిదే. మధుమేహం ఉన్నవారిలో స్టెరాయిడ్ల అతివాడకం కూడా తోడై నల్ల ఫంగస్‌గా ప్రసిద్ధమైన మ్యూకార్‌మైకోసిస్ విజృంభించింది. ప్లేగు రోజులలో, 1897లో, రూపొందిన అంటువ్యాధుల చట్టం కింద రాజస్థాన్, తెలంగాణ తదితర రాష్ట్రాలు దానిని ప్రకటించదగిన వ్యాధిగా గుర్తించాయి.

1918లో వ్యాధిని మోసుకువెళ్లిన రైలు మార్గం ఈసారి మరొక పాత్రను కూడా నిర్వహించింది. 2021 ఏప్రిల్ 19న ముంబయి సమీపంలోని కలంబోలి నుండి ఖాళీ ట్యాంకర్లతో బయలుదేరిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్, విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో ద్రవ ప్రాణవాయువును నింపుకొని నాగపూరు, నాసికలకు చేరవేసింది. ఉత్పత్తి తూర్పు తీరంలోను, ఉక్కు నగరాలలోను, రోగులు పశ్చిమ, ఉత్తర ప్రాంతాలలోను ఉండడం నాటి సంక్షోభానికి మూలం. ఆ దూరాన్ని అధిగమించేలోగా ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

లెక్కింపు బాధ్యత

2021 చివరినాటికి ప్రభుత్వం ప్రకటించిన కోవిడ్ మరణాలు సుమారు 4.81 లక్షలు. 2020, 2021 సంవత్సరాలలో సాధారణ స్థాయిని మించి దేశంలో సంభవించిన మరణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో సుమారు 47 లక్షలుగా అంచనా వేసింది. ఆ గణిత పద్ధతిపై భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. తరువాత, 2025 మేలో వెలువడిన జననమరణ నమోదు నివేదిక ప్రకారం, 2019లో 76.4 లక్షలుగా, 2020లో 81.2 లక్షలుగా ఉన్న నమోదిత మరణాలు 2021లో 1.02 కోట్లకు పెరిగాయి. ఈ పెరుగుదల అంతా కోవిడ్ వల్లనే అనలేము. నమోదు విస్తృతి ఏటేటా పెరుగుతున్నది కూడా. అయినా ఒకే సంవత్సరంలో 21 లక్షల పెరుగుదలను అది ఒక్కటే వివరించజాలదు. నమోదైన మరణాలలో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించినవి నాలుగవ వంతుకు లోపే. ఇంటివద్ద మరణించినవారి పత్రంలో వ్యాధి పేరు ఉండకపోవడం, 1918 నాటి ‘జ్వరాలు’ పద్దును గుర్తుకు తెస్తుంది.

ఈ అంకెలు చరిత్రకారులకు మాత్రమే పనికివచ్చేవి కావు. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఇచ్చిన ఆదేశం మేరకు ఒక్కొక్క మరణానికి 50,000 రూపాయల సహాయం నిర్ణయించబడింది. పరీక్ష జరిగిన 30 రోజులలోపు సంభవించిన మరణాన్ని కోవిడ్ మరణంగా పరిగణించాలని మార్గదర్శకాలు వచ్చాయి. ఆ వెంటనే తెలంగాణ, గుజరాత్, మహారాష్ట్ర వంటి రాష్ట్రాలలో దరఖాస్తులు అధికారిక మరణాల సంఖ్యను మించిపోయాయి. 2020 ఏప్రిల్ నుండి తల్లిదండ్రులలో ఒకరినో ఇద్దరినో పోగొట్టుకున్న బాలలు, మరణ కారణం ఏదైనప్పటికీ, సుమారు 1.47 లక్షలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం 2022 జనవరిలో న్యాయస్థానానికి నివేదించింది. పట్టికలోని ఒక గడి ఖాళీగా ఉండడమంటే ఒక వితంతువుకు సహాయం అందకపోవడం, ఒక బిడ్డ చదువు ఆగిపోవడం.

1918 తరువాత మూడేళ్లకు వచ్చిన జనగణన పట్టికల లోపాన్ని సరిదిద్దింది. 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ కారణంగా వాయిదా పడింది. 2025 జూన్‌లో వెలువడిన ప్రకటన కొత్త గణనకు దేశంలోని అధిక ప్రాంతాలకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా నిర్ణయించింది. అప్పటికి ఎన్నో కుటుంబాలు చెదిరిపోయి, ఇళ్లు మారి ఉంటాయి. అందువల్ల ఈసారి సాక్ష్యభారం ప్రధానంగా నమోదు పుస్తకంపైనే పడింది. 1969 నాటి జననమరణ నమోదు చట్టాన్ని 2023లో సవరించి, వైద్య సంస్థలు మరణ కారణ పత్రాన్ని బంధువులకు కూడా ఇవ్వాలని నిర్దేశించడం సరైన దిశలో వేసిన అడుగు. ఇంటివద్ద సంభవించే మరణానికి కూడా కారణాన్ని నిర్ధారించే ఏర్పాటు ప్రతి మండలంలో ఉండాలి. వైరస్ మళ్లీ రూపం మార్చుకున్నప్పుడు ఆ మార్పు తీవ్రత ప్రయోగశాలలో కనిపించినట్లే గ్రామ పంచాయతీ, పురపాలక కార్యాలయాల పుస్తకాలలో కూడా కనిపించాలి. అది ఆ వారంలోనే కనిపించినప్పుడు ప్రాణవాయువు, పడకలు, టీకాలు ఎక్కడికి ముందుగా పంపవలెనో పాలకులకు తెలుస్తుంది.