నరానికి సూది, మనిషికి మాట



రాచపుండు అని మన పెద్దలు పిలిచిన కాన్సర్‌లో రోగిని ఎక్కువగా భయపెట్టేది బాధ. ఆ బాధ మెదడుకు చేరకుండా దారిలోనే ఆపవచ్చునా? ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది.

1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని చూపాడు. ఆ వెంటనే ఇతర వైద్యులు అదే మందును నరాల పక్కన సూదితో ఎక్కించి శస్త్రచికిత్సలు చేశారు. కాని ఆ మొద్దుబారడం కొద్దిసేపే. కాన్సర్ బాధ నెలల తరబడి ఉంటుంది. అందుకని నరం పనిని చాలాకాలం ఆపే మందు కోసం వెతికారు. 1931లో ఇటలీ వైద్యుడు డోగ్లియోట్టి వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి ఆల్కహాల్ ఎక్కించే పద్ధతి తెచ్చాడు. 1955లో ఇంగ్లండులో మేహర్ ఫినాల్ వాడాడు.

పొట్ట వెనుక, వెన్నెముకకు ముందు ఒక నరాల గుత్తి ఉంది. క్లోమం కాన్సర్ బాధ చాలావరకు ఆ గుత్తి గుండానే వెళుతుంది. వీపు వైపు నుంచి అక్కడికి సూది చేర్చే దారిని 1914లో జర్మనీలో కాపిస్ చూపాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆ దారినే ఆల్కహాల్ పంపారు. నేడు ఎక్స్‌రే, స్కానింగు చూస్తూ చేస్తున్నారు.

అయితే ఈ చికిత్స అందరికీ పనికిరాదు. కొన్ని నెలలకు బాధ తిరిగి రావచ్చు. మందు పక్కకు పోతే కాళ్ళ బలం తగ్గే ప్రమాదమూ ఉంది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్ఫిన్ వంటి మందులను మెట్లవారీగా ఇచ్చే పద్ధతి ప్రకటించింది. చాలామందికి ఆ మందులే చాలు. వాటికి లొంగని బాధకు సూది.

1993లో కోజికోడ్‌లో బాధా నివారణ సంస్థను స్థాపించినవారిలో ఒకరు డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్. మత్తు వైద్యులు. తొలినాళ్ళలో తాను చూసిన ఒక అధ్యాపకుడి గురించి ఆయన పలుమార్లు చెప్పారు. సూదితో బాధ పోయింది. మళ్ళీ రానక్కరలేదన్నారు. జబ్బు నయం చేస్తారని వచ్చిన ఆ రోగికి, తన కాన్సర్ కుదిరేది కాదని అప్పుడే అర్థమైంది. ఇంటికి వెళ్ళి ప్రాణం తీసుకున్నాడు. నరం ఒక్కటే మనిషి కాదని రాజగోపాల్ నేర్చుకున్న పాఠం అది.

మన సరిహద్దు జిల్లాలవాళ్ళం వైద్యానికి తరచు పొరుగు భాష ఊళ్ళకు వెళతాం. అర్థం కాకపోయినా తల ఊపి వచ్చేస్తాం. అలా చేయకండి. భాష తెలిసినవారిని వెంట తీసుకెళ్ళండి. "డాక్టరుగారూ, ఈ సూది బాధకా, జబ్బుకా? దీని తర్వాత ఏమిటి?" అని అడగండి. రోగి మనసులో ఏముందో ఇంట్లోవాళ్ళూ అడగండి. బాధ పోగొట్టడానికి సూది ఎంత అవసరమో, మాట కూడా అంతే అవసరం.