ఏనుగును కొని అంకుశం దగ్గర బేరం



ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పడ్డట్టు అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. ఈనాటి ప్రసంగంలో ఏనుగు అంటే సెకండ్ హ్యాండులో కొన్న వేగవంతమైన కారు. అంకుశం అంటే దాని కింద తిరిగే నాలుగు టైర్లు. కారుకు లక్షలు పోసినవారు టైర్ల దగ్గరకు వచ్చేసరికి అన్నిటికంటే చవకవి ఏవని అడుగుతారు. ఈ బేరం ఎంతవరకు క్షేమమో, టైరు చరిత్రనుబట్టి ఆలోచిద్దాం.

గోదావరి ఒడ్డున కూర్చుని ఈ కార్ల గొడవ మనకెందుకని మీరు అడగవచ్చు. కారణం ఉంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో రిజిస్టరైన వాహనానికి పీవై అనే అక్షరాలు ఉంటాయి. పుదుచ్చేరికి 01, కారైకాల్‌కు 02, మాహేకు 03, మన యానాంకు 04. ఖరీదైన కార్ల మీద పొరుగు రాష్ట్రాల్లోకంటే అక్కడ రహదారి పన్ను తక్కువ కావడంవల్ల, దూరప్రాంతాలవారు సైతం పీవై నంబరు కోసం వచ్చేవారు. 2017లో కేరళలో ఇది పెద్ద వివాదమయింది. ఇటువంటి కార్లు కొన్నేళ్ళు తిరిగి చేతులు మారేసరికి ధర బాగా దిగుతుంది. 2004లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2013లో వచ్చిన ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ వంటి చురుకైన బండ్లు కూడా అలాగే మధ్యతరగతి యువకుల చేతికి వచ్చాయి. కారు ధర సగమైనా, దానికి సరిపడే టైరు ధర మాత్రం సగం కాదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇక మన నేల సంగతి. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట యానాం ఉంది. యానాంకు చెందిన దరియాలతిప్ప గౌతమి ఒడ్డునే ఉంది. తిప్ప అంటే ఇసుకమేట అని మీకు తెలిసినదే. ఇసుక, నీరు, ఉప్పుగాలి మూడూ ఉన్న ఇటువంటి చోటు టైరుకు పరీక్షాస్థలం వంటిది. తిప్పల మీది సన్నని దారిలో మెల్లగా వెళ్ళిన కారు, కాస్సేపటికే 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, బాలయోగి వారధి దాటి, అమలాపురం వైపు పరుగుతీస్తుంది. దారి మారినంత మాత్రాన టైరు మారదు కదా!

టైరు పుట్టకముందు మన చక్రానికి ఇనుప పట్టా ఉండేది. కమ్మరి ఆ పట్టాను ఎర్రగా కాల్చి, కొయ్యచక్రానికి తొడిగి, పైన నీళ్ళు పోసేవాడు. చల్లారిన ఇనుము బిగుసుకుని చక్రాన్ని కట్టి ఉంచేది. ఎద్దు నడకకు అది చాలు. ఇంగ్లీషులో టైరు అనే మాట మొదట ఈ పట్టాకే ఉండేది. దానికి మూలం తొడుగు, అలంకారం అనే అర్థమున్న పాతమాట అని చెబుతారు. ఫ్రెంచివారు మాత్రం టైరును ‘ప్నో’ అంటారు. అది ఊపిరి, గాలి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ఒకరికి తొడుగు కనిపించింది, మరొకరికి లోపలి గాలి కనిపించింది. నిజానికి టైరు ఈ రెండూ కలిసినది.

1839 నవంబరులో పెను ఉప్పెన వచ్చి మన కోరంగి రేవును నాశనం చేసింది. అదే సంవత్సరం అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసే పద్ధతి కనిపెట్టాడు. అంతకుముందు రబ్బరు ఎండకు కరిగి జిగురయ్యేది, చలికి పెళుసయ్యేది. ఆ దోషం తీరాకనే రబ్బరు చక్రానికి పనికివచ్చింది. గుడ్‌ఇయర్ మాత్రం 1860లో అప్పులతోనే కన్నుమూశాడు. ఆయన పేరు పెట్టుకున్న కంపెనీ 1898లో పుట్టింది. దానికీ ఆయన కుటుంబానికీ సంబంధం లేదు.

గాలి నింపిన చక్రానికి మొదటి పేటెంటు 1845లో స్కాట్లండు వాడైన రాబర్ట్ థామ్సన్ పొందాడు. అప్పటికి గుర్రపు బండ్లే గాని కార్లు లేవు. రబ్బరు ఖరీదు. అందుచేత ఆ ఊహ అటకెక్కింది. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి మళ్ళీ గాలి టైరు చేశాడు. ఈసారి సైకిళ్ళ కాలం వచ్చి ఉంది గనుక అది నిలిచింది. ఈ పేరే మన పల్లెల దాకా వచ్చింది. రబ్బరు చక్రాలు వేసిన ఎడ్లబండిని టైరుబండి అని, డన్‌లప్ బండి అని అనడం మీలో పెద్దవారు వినే ఉంటారు.

కారుకు గాలి టైరు తొడిగినవారు ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సోదరులు. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్ళి తిరిగివచ్చే పందెంలో వారు గాలి టైర్ల కారు నడిపారు. దారి పొడుగునా పంక్చర్లే. అందరికంటే ముందు గమ్యం చేరిన లెవాసోర్ బండికి ఉన్నవి గట్టి రబ్బరు చక్రాలు. కాని ఓడిన బండిలోనే భవిష్యత్తు ఉంది. వేగం పెరిగేకొద్దీ గట్టి చక్రం బండిని చితకగొడుతుంది, రోడ్డును వదిలి ఎగురుతుంది. గాలి టైరు రోడ్డును అంటిపెట్టుకుని ఉంటుంది.

ఈ రబ్బరు ఎక్కడిది? 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలు లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. మొలిచినవి 2,700 దాకా. వాటి సంతానమే సింహళానికి, మలయాకు వెళ్ళింది. మలయా తోటల్లో చెట్లకు గాటుపెట్టి పాలు తీసిన కూలీల్లో ఎక్కువమంది తమిళులు. వారితోపాటు విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారూ ఉన్నారు. సముద్రం దాటి బర్మా వెళ్ళిన మనవారిని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. మిషెలిన్ కంపెనీ తోటలు ఫ్రెంచి ఇండోచైనాలో, అంటే నేటి వియత్నాంలో ఉండేవి. అక్కడి ఫూ రియెంగ్ తోటలో 1930లో కూలీలు పెద్ద సమ్మె చేశారు. యానాం, సైగాన్ రెండింటి మీదా ఒకే జెండా ఎగిరిన కాలం అది. టైరు వెనుక ఇంతమంది చెమట ఉంది.

మన మెకానిక్కులు అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటారు. ఈ మాట 1904లో వేల్సు దేశంలోని లానెల్లీ పట్టణపు స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. అప్పటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. ఆ వీధిలో దుకాణం పెట్టిన డేవీస్ సోదరులు దాన్ని తయారుచేసి అమ్మారు. ఆ వీధిని మరచిపోయినా మనం ఆ పేరు వదలలేదు.

తరువాతి పెద్ద మలుపు రేడియల్ టైరు. పాత టైరులో లోపలి దారాలు ఒకదానినొకటి ఏటవాలుగా దాటుతూ అల్లుకుని ఉంటాయి. టైరు తిరిగినప్పుడల్లా అవి ఒరుసుకుని వేడెక్కుతాయి. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకుని 1949లో అమ్మకానికి తెచ్చిన రేడియల్ టైరులో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా ఉంటాయి. పైన ఉక్కు తీగెల పట్టీ ఉంటుంది. దాంతో వేడి తగ్గింది, మన్నిక పెరిగింది, మలుపులో పట్టు పెరిగింది. అప్పటికి యానాం ఇంకా ఫ్రెంచి పాలనలోనే ఉంది. విముక్తి 1954లో వచ్చింది.

మన దేశంలో డన్‌లప్ వారు 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో కర్మాగారం పెట్టారు. 1946లో మద్రాసులో బొమ్మ బుడగల తయారీతో మొదలైన ఎంఆర్ఎఫ్, 1952లో అరిగిన టైర్లకు వేసే ట్రెడ్ రబ్బరు చేపట్టి, 1961లో టైర్లలోకి దిగింది. 1977లో జేకే కంపెనీ దేశంలో రేడియల్ టైర్లు ప్రవేశపెట్టింది. ఇప్పుడు తెలంగాణలో సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ కర్మాగారం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని చినపాండూరులో 2020లో అపోలో కర్మాగారం ప్రారంభమయింది.

ఈ చరిత్రలో గమనించవలసిన విషయం ఒకటే. ఇంజన్ బలం పెరిగినప్పుడల్లా టైరు కూడా మారవలసి వచ్చింది. టైరు వెనుకబడితే ఇంజన్ బలం వృథా, ఒక్కొక్కసారి ప్రాణాంతకం. ఎందుకంటే కారు రోడ్డును తాకేది నాలుగు చోట్ల, ఒక్కొక్కచోట ఇంచుమించు మన అరచేయంత మేర. ఉరకడం, ఆగడం, తిరగడం అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదనే జరగాలి. వేగం రెట్టింపయితే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. చురుకైన పాత కారుకు నాసి టైర్లు వేయడమంటే, నూరేళ్ళు ముందుకు వచ్చిన కథను మన ఖర్చుతో మనమే వెనక్కి నడపడం.

2013 నవంబరు 30న అమెరికాలో సినీనటుడు పాల్ వాకర్, ఆయన మిత్రుడు ఒక పోర్షే కరేరా జీటీ కారులో వెళుతూ మరణించారు. నడిపినది మిత్రుడు. 2014 మార్చిలో వచ్చిన దర్యాప్తు నివేదిక, హద్దుమీరిన వేగమే కారణమని తేల్చింది. గంటకు 72 కిలోమీటర్ల హద్దు ఉన్న దారిలో వారు 130 నుంచి 150 వేగంతో వెళ్ళారు. దానితోపాటు నివేదిక మరొక మాట చెప్పింది. ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ళ నాటివి. అందువల్ల బండి అదుపు దెబ్బతిని ఉండవచ్చు. గొప్ప కంపెనీ టైరుకైనా వయసు వస్తుందని ఇందువల్ల తెలుస్తున్నది.

అయితే చవక టైరు అన్నది ప్రతిసారీ చెడ్డదేనా? కాదు. ఖరీదైన పేరుగల ఎనిమిదేళ్ళ పాత టైరు కంటే, సరైన కొలతలతో నిన్న మొన్న తయారైన సాధారణ టైరు నయం. చూడవలసింది పక్కగోడ మీది అక్షరాలు. ఉదాహరణకు 225/45 ఆర్ 17 91 డబ్ల్యూ అని ఉందనుకోండి. 225 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 45 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో. ఆర్ అంటే రేడియల్. 17 అంటే రిమ్ము అంగుళాలు. 91 అంటే ఒక్క టైరు 615 కిలోల బరువు మోయగలదని. చివరి అక్షరం వేగం హద్దు. టీ అయితే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ 210, వీ 240, డబ్ల్యూ 270.

మన రోడ్ల మీద 270 వేగంతో ఎవరు వెళతారని మీరు నవ్వవచ్చు. ఎవరూ వెళ్ళరు, వెళ్ళకూడదు కూడా. కాని ఆ అక్షరం టైరు ఎంత వేడిని తట్టుకుంటుందో చెప్పే గుర్తు. మే నెల మధ్యాహ్నం, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, గాలి తక్కువ. ఇవన్నీ కలిస్తే నూరు వేగానికే టైరు లోపల వేడి పెరిగిపోతుంది. కంపెనీ డబ్ల్యూ అని చెప్పిన కారుకు టీ తగిలిస్తే, ఆ వేడిని తట్టుకునే చేవ ముందే తగ్గించినట్లవుతుంది.

తయారీ తేదీ కూడా అక్కడే ఉంటుంది. చివరి నాలుగంకెలు 2319 అయితే 2019వ సంవత్సరం 23వ వారం. దుకాణంలో కొత్తగా మెరుస్తున్నా, అరలో ఏళ్ళు గడిపిన టైరు కావచ్చు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. 2009 నాటి నాణ్యతా ఉత్తర్వు ప్రకారం అది తప్పనిసరి. 2020 జూన్‌లో ప్రభుత్వం కొన్ని రకాల కొత్త టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. అందుచేత ఎక్కడిదో చెప్పలేని విదేశీ టైరును అతి చవకగా ఇస్తామంటే ఒకసారి ఆగి ఆలోచించండి.

మన వానాకాలానికి కావలసింది తడిలో పట్టు. రోడ్డు మీది నీటిని గాళ్ళగుండా బయటికి తోసేదే మంచి టైరు. గుండు టైరు నీటి మీద తేలిపోతుంది, అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా బండి వినదు. చట్టప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఐరోపాలో 2012 నుంచి టైరుకు తడిపట్టు ఎంతో తెలిపే చీటీ అంటిస్తున్నారు. గంటకు 80 వేగంలో తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే, మేలిరకం టైర్లకూ అట్టడుగు రకానికీ ఆగే దూరంలో 18 మీటర్ల దాకా తేడా ఉండవచ్చని అక్కడ లెక్క కట్టారు. 18 మీటర్లంటే నాలుగు కార్ల పొడవు. రోడ్డు దాటుతున్న పిల్లవాడికి ఆ దూరమే ప్రాణం.

కనుక మిత్రులారా, పాత కారు బేరమాడేటప్పుడే నాలుగు టైర్ల తేదీలు చూడండి. అవి పాతవైతే కొత్త టైర్ల ఖరీదు కారు ధరలోంచి తగ్గించమని అడగండి. చేతిలో డబ్బు నాలుగింటికి చాలకపోతే, ఒకే రకం రెండు కొని వెనుక ఇరుసుకు వేయించండి. వెనుక పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడం ఆరితేరిన డ్రైవరుకైనా కష్టం. ఒకే ఇరుసు మీద రెండు రకాల టైర్లు ఉంచకండి. లారీలకు రీట్రెడింగు న్యాయమైన వృత్తే. వేగంగా వెళ్ళే కారుకు మాత్రం అది వద్దు. పదిహేను రోజులకోసారి, చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించండి. మన ఉప్పుగాలికి రిమ్ము అంచు తుప్పుపట్టి, గాలి మెల్లగా పోతూ ఉంటుంది. ఇంత చేసినా మంచి టైర్లకు డబ్బు చాలదనిపిస్తే, ఆ టైర్లు మామూలు ధరకు దొరికే చిన్న కారే కొనండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

రేవుల్లో పడవల పక్కన వేలాడే పాత టైర్లను మీరు చూసే ఉంటారు. పడవ గట్టుకు కొట్టుకోకుండా అవి ఇంకా కొన్నేళ్ళు ఆ దెబ్బలు తాము తింటాయి. అరిగిన టైరుకు తగిన చోటు అదే. దాన్ని కారుకు తొడిగి రహదారి ఎక్కించకండి.