పేరు దాచిన పాత్రలు: 1976 నాటి పారిస్ ద్రాక్షాసవ పరీక్ష

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి యని మన పెద్దలు చెప్పిరి. కాని రుచిని నిర్ణయించునది నిజముగా జిహ్వయేనా, లేక సీసాపై నతికించిన పేరా? ఈ ప్రశ్నకు 1976వ సంవత్సరము మే 24వ తేదీన పారిస్ నగరమునందలి యొక హోటలులో ఎవరును ఊహింపని సమాధానము లభించినది. ఆనాడు కొందరు రసజ్ఞులు ఒకచోట గూర్చుండి తెల్లని, ఎఱ్ఱని ద్రాక్షాసవములను పోల్చి చూచిరి. మద్యపానమును ప్రశంసించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. తీర్పు చెప్పుటలో గల ధర్మమును, పుట్టినచోటు విడిచి వేఱొక నేలలో నాటుకొన్నవారి శక్తిని ఆ చరిత్ర యెట్లు తెలుపుచున్నదో చూపుటయే ఇందలి ఉద్దేశము.

ముందుగా ఈ ఆసవముల భేదమును తెలిసికొందము. నల్లద్రాక్షలను చిదిపి తొక్కలతోడనే పులియనిచ్చినచో తొక్కలయందలి రంగును వగరును రసములోనికి దిగి ఎఱ్ఱని ఆసవ మగును. పండ్లను పిండి, తొక్కలను తొలగించి రసమును మాత్రమే పులియబెట్టినచో తెల్లని ఆసవ మగును. రసజ్ఞులు మొదట పాత్రను వెలుతురున కెత్తి రంగును చూతురు. పిమ్మట గుండ్రముగా త్రిప్పి పరిమళమును గ్రహింతురు. తుదకు కొంచెము పుక్కిట బట్టి రుచి నెఱిగి ఉమిసివేయుదురు. సాధారణముగా తెల్లనివి ముందు, ఎఱ్ఱనివి తరువాత చూచుట ఆచారము. ఎఱ్ఱనిదాని వగరు నాలుకపై నిలిచిన పిదప తెల్లనిదాని సున్నితమైన రుచి తెలియుట కష్టము.

ఈ విద్యలో ఫ్రాన్సు దేశమునకు గల ప్రతిష్ఠ సామాన్యమైనది కాదు. బోర్డో ప్రాంతపు ప్రసిద్ధములగు ఎఱ్ఱని ఆసవములను 1855లో ఐదు తరగతులుగా విభజించిరి. ఆ పట్టిక దాదాపు శిలాశాసనమువలె నిలిచినది. మూటన్ రోత్‌షీల్డ్ తోట రెండవ తరగతినుండి మొదటి తరగతికి ఎక్కుటకు 1973 వఱకు వేచియుండవలసివచ్చినది. తెల్లనివానిలో బుర్గుండీ ప్రాంతపు షార్డొనే ఆసవములకు అట్టి గౌరవమే కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా సంగతి వేఱు. 1920 నుండి 1933 వఱకు అమలులోనున్న మద్యనిషేధముచే అచ్చటి పరిశ్రమ చితికిపోయి, మరల మెల్లమెల్లగా తలయెత్తుచుండెను.

పారిస్‌లో ఆసవముల దుకాణమును, వానిని గుఱించి బోధించు పాఠశాలను నడుపుచుండిన స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయుడును, ఆయన సహచరి యగు పట్రీషియా గాలఘర్ అను అమెరికను వనితయు, అమెరికా స్వాతంత్ర్యమునకు రెండువందల యేండ్లు నిండిన సందర్భమున ఈ పరీక్షను ఏర్పాటు చేసిరి. కాలిఫోర్నియా షార్డొనేలు ఆరింటిని బుర్గుండీవి నాలుగింటితోను, కాలిఫోర్నియా కాబెర్నే ఆసవములు ఆరింటిని బోర్డోవి నాలుగింటితోను పోల్చవలెను. పరీక్షకులు తొమ్మండుగురును ఫ్రెంచివారే. వారిలో రొమానే కోంతీ తోటకు భాగస్వామి యగు ఓబేర్ ద విలేన్, ఆసవములను గుఱించిన ప్రసిద్ధ పత్రికకు సంపాదకురాలగు ఒడెట్ కాన్, ప్రఖ్యాత పాకశాస్త్రజ్ఞుడు రేమోఁ ఒలివేర్ ఉండిరి. ఆసవములన్నింటిని పేరులేని సీసాలలో పోసి, ఒక్కొక్కదానికి ఇరువదికి ఇన్ని గుణము లని వేయుమనిరి. ఫలితము ముందే తెలిసినదని తలచిరి గాబోలు, పిలిచిన పత్రికలవారిలో టైమ్ పత్రిక విలేఖరి జార్జి టేబర్ ఒక్కడే వచ్చెను.

పరీక్ష సాగుచుండగా విచిత్రములు పొడసూపినవి. ఒకరు కాలిఫోర్నియా ఆసవమును చవిచూచి, మరల ఫ్రాన్సునకు వచ్చితిమని సంతసించిరి. మఱియొకరు బుర్గుండీవారి మేటి ఆసవమును చవిచూచి, పరిమళము లేదు గనుక ఇది కాలిఫోర్నియాదే యనిరి. తుదకు తెల్లనివానిలో షాటో మోంటెలీనా వారి 1973 నాటి షార్డొనే ప్రథమస్థానము పొందినది. ఎఱ్ఱనివానిలో స్టాగ్స్ లీప్ వారి 1973 నాటి కాబెర్నే, 1970 నాటి మూటన్‌ను స్వల్పమైన తేడాతో దాటినది. రెండును కాలిఫోర్నియావే. ఒడెట్ కాన్ తన గుణపత్రమును తిరిగి ఇమ్మని కోరెను, స్పరియర్ ఇయ్యలేదు.

ఈ పరీక్ష లోపరహిత మని చెప్పరాదు. తొమ్మండుగురి నాలుకలు, ఒక్క మధ్యాహ్నము. పరీక్షకుల గుణములలో చాల తేడాలు. ఇరుపక్షముల సంఖ్యయు సమానము కాదు. ఫ్రెంచి ఎఱ్ఱని ఆసవములు వయసు మీఱిన కొలది మేలగునని వాదించినవారు ఉండిరి. ముప్పది యేండ్లకు, 2006లో, అవే ఎఱ్ఱనివానిని మరల పరీక్షింపగా మొదటి ఐదు స్థానములును కాలిఫోర్నియాకే దక్కినవి. బోర్డో గొప్పతనము దీనిచే తగ్గలేదు. గొప్పతనము ఒక్క బోర్డోదే కాదని మాత్రము తేలినది.

మనవంటి ప్రవాసాంధ్రులకు ఈ కథలో మఱియొక విశేషము కలదు. గెలిచిన తెల్లని ఆసవమును తయారుచేసిన మైక్ గర్గిచ్ క్రొయేషియాలో 1923లో జన్మించి, 1958లో కాలిఫోర్నియా చేరినవాడు. ఎఱ్ఱనిదానిని చేసిన వారెన్ వినియార్‌స్కీ చికాగోలో స్థిరపడిన పోలిష్ కుటుంబములో పుట్టి, విశ్వవిద్యాలయపు బోధన విడిచి 1964లో తోటపనికి వచ్చినవాడు. ఆ తీగలును ప్రవాసులే. షార్డొనే, కాబెర్నే జాతులు రెండింటికిని పుట్టినిల్లు ఫ్రాన్సు. ఆ పుట్టినింటి ఋణము సైతము ఒకవైపుది కాదు. 1860 ప్రాంతములనుండి ఫిలాక్సెరా అను అమెరికా పురుగు ఫ్రెంచి తోటల వేళ్లను నాశనము చేయగా, ఆ పురుగునకు తట్టుకొను అమెరికా ద్రాక్షవేళ్లపై ఫ్రెంచి కొమ్మలను అంటుగట్టియే ఆ తోటలను బ్రతికించుకొనిరి. చేటును పరదేశమునుండియే వచ్చినది, రక్షయు అచ్చటినుండియే వచ్చినది.

కోలారు, చిక్కబళ్ళాపురము ప్రాంతముల పొలములలో పండు బెంగుళూరు బ్లూ ద్రాక్ష సైతము అమెరికా సంతతిదే. నేడు ఆ ద్రాక్షను అన్యదేశపుదని అనువారెవరు? ఆ జిల్లాలలో తరతరములుగా తెలుగు పలుకు రైతుల సంగతియు అట్టిదే. కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలోను, ఫ్రెంచివారి యేలుబడి చూచిన యానాములోను, మన పలుకు స్వచ్ఛమైనదా కాదా యని తూచువారు మనకు తఱచుగా ఎదురగుదురు. పేరు గొప్ప, ఊరు దిబ్బ యను సామెతను ఎఱిగిన జాతి మనది. ఊరిపేరు దాచి, పలుకును మాత్రమే విని తీర్పు చెప్పుమని వారిని కోరుదము. ఆ పరీక్షకు మనము సిద్ధముగా నుండుటయే మనకు మిగిలిన పని.