తంతి నుంచి ఇంటర్నెట్ దాకా

ఒకప్పుడు మన మెదక్‌లో తంతి వచ్చిందంటే చాలు, ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమనేది. ఆ తంతి 2013 జూలైలో సెలవు తీసుకుంది. అంతకుముందే, 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందించింది.

ఇందులో జాబు ఒక్క ముద్దగా పోదు. చిన్న చిన్న ముక్కలవుతుంది. ప్రతి ముక్క మీదా చిరునామా, వరుస సంఖ్య ఉంటాయి. వేర్వేరు దారుల్లో వెళ్ళినా చేరవలసిన చోట మళ్ళీ వరుసగా కూడుకుంటాయి. దూరదేశపు కూతురి మాట వినిపించేదీ, 2011లో మొదలైన మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తెచ్చిపెట్టేదీ ఈ ఏర్పాటే.

అయితే బీరువా తాళంచెవి పరాయివాళ్ళ చేతికి ఇస్తామా? ఫోనుకొచ్చే ఓటీపీ కూడా అంతే. బ్యాంకువాళ్ళమన్నా సరే, చెప్పకండి. పిల్లల్ని అడిగైనా ఫోను వాడకం మనమే నేర్చుకుందాం. మన తాళంచెవి మన కొంగునే ఉండాలి.